ప్రూఫులు ఏరి ఇవ్వాల్సింది మనమే

“అన్నీ ఇచ్చేయండన్నా, మేం చూసుకుని చెప్తాం.” ఫోటోగ్రఫీ మీద బతికేవాళ్లెవరైనా కస్టమర్ల నోట ఈ మాట వినే ఉంటారు. వినడానికి ఇద్దరికీ హాయిగానే ఉంటుంది. ఒక్క ఫోటో కూడా పోకుండా అన్నీ చేతికొస్తాయని వాళ్లకి ధీమా, రెండు మూడు రోజుల పని తప్పిందని మనకి ఊరట. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను చాలామందికి అలాగే ఇచ్చాను. కార్డుల్లో ఉన్నదంతా ఒక ఫోల్డర్లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, “నచ్చిన వాటి నంబర్లు రాసి పంపండి” అని చెప్పి వచ్చేసేవాణ్ని. ధారాళంగా ఇస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు నన్నడిగితే అది పని ఎగ్గొట్టడమే అంటాను.

ఒక కుటుంబం సంగతి చెప్తాను. చాలా ఏళ్ల తర్వాత నాలుగు తరాల వాళ్లు ఒకచోట చేరిన రోజు, పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్లతోనే ఉన్నాను. 1,846 ఫోటోలు వచ్చాయి. మూడో రోజుకే పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను, ఇంత తొందరగానా అని మెచ్చుకున్నారు కూడా. వాటిలోంచి వంద ఎంచి పంపితే ఆల్బమ్ చేయాలని మాట. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఎప్పుడు ఫోన్ చేసినా “చూస్తున్నామండీ, సగం అయ్యాయి” అనేవారు. ఏడో నెలలో ఆ ఇంటి కోడలు తనే ఫోన్ చేసింది. “అన్నా, ఎప్పుడు కూర్చున్నా మొదటి మూడొందలు దాటడం లేదు. ఒకేలాంటివి ఎనిమిదేసి పదేసి ఉన్నాయి, వాటిలో ఏది మంచిదో మాకు తెలియట్లేదు. మా ఆయన ఒకటంటే అత్తయ్య ఇంకొకటి అంటారు. మీకేవి బాగుంటే అవే వేసేయండి.” ఆ చివరి మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. ఏడు నెలలు అవస్థపడి వాళ్లు నన్ను అడిగింది, మొదటి వారంలోనే నేను చేసి ఇవ్వాల్సిన పని. దానికి కూడా కలిపే నాకు డబ్బులిచ్చారు.

కాబట్టి నా మాట ఇది. ప్రూఫులంటే తీసిన ఫోటోలన్నీ కాదు. “ఇవి మీకు చూపించదగ్గవని నేను నమ్ముతున్నాను, వీటిలోంచి మీరు ఎంచుకోండి” అని ఫోటోగ్రాఫర్ పూచీ పడి ఇచ్చేవి ప్రూఫులు. ఏరకుండా ఇస్తే ఆ పూచీ లేనట్టే. వెలుతురూ రంగూ సరిచేయకుండా ఇస్తే, ఎదుటివాళ్లు చూసి తేల్చుకునే వీలు లేనట్టే. పోనీ మొహాలన్నీ నున్నగా తోమి ఇస్తే అది ప్రూఫు దశలో చేయకూడని పని, దాని గురించి తర్వాత చెప్తాను.

ఫిల్ము రోజుల్లో ఈ తంటా ఇంతగా లేదు. 35 ఎంఎం రోలు అంటే 36 ఫ్రేములు. నెగెటివ్‌ని ముక్కకి ఆరు ఫ్రేముల చొప్పున ఆరు ముక్కలుగా కత్తిరించి, 8 బై 10 అంగుళాల ప్రింటు కాగితం మీద పక్కపక్కనే పరిచి వెలుతురు చూపిస్తే కాంటాక్ట్ షీట్ వచ్చేది. రోలంతా ఒకే కాగితం మీద, ఒక్కోటీ తపాలా బిళ్లంత సైజులో. భూతద్దం పెట్టి చూసి ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకునేవాళ్లు. అంతకన్నా పాతకాలపు స్టూడియోల్లో ప్రూఫుల్ని ఫిక్సర్లో, అంటే బొమ్మని చెడకుండా నిలబెట్టే మందులో, కడగకుండానే ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ కాగితం వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది, అంచేత దాన్నే దాచుకోవడం కుదరదు, నాలుగు రోజుల్లో చూసి ఏది కావాలో చెప్పేయాల్సిందే. ఆ పద్ధతి తిరిగి రావాలని నేననడం లేదు. నాకు ముఖ్యంగా అనిపించేది ఇది: అప్పట్లో ఫిల్ము ఖరీదే మన తరఫున సగం ఏరేసేది. నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చవుతుంటే చేయి దానంతటదే ఆగుతుంది. ఇప్పుడు చేతిని ఆపేదేదీ లేదు, సెకనుకి పది, ఇరవై ఫ్రేములు తీసే కెమెరాలు మన దగ్గరున్నాయి. ఫిల్ము చేసిన ఆ పని ఇప్పుడు ఎవరు చేయాలి? మనం చేయకపోతే అది కస్టమర్ నెత్తిన పడుతుంది, ఆ కుటుంబం నెత్తిన పడినట్టు.

ఎక్కువ తీయడం తప్పని కాదు. ఎక్కువ తీయాలి కూడా. గ్రూప్ ఫోటోలో ఎవరో ఒకరు కళ్లు మూస్తారన్నది అందరికీ తెలిసిందే. దీని మీద ఆస్ట్రేలియాకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు ఏకంగా లెక్క కట్టారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా 2006లో ఆ లెక్కకి వచ్చింది. గుంపులో 20 మంది లోపు ఉంటే, వెలుతురు బాగున్నప్పుడు మనుషుల సంఖ్యని 3తో, వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు 2తో భాగించాలి. వచ్చిన సంఖ్యన్ని ఫోటోలు తీస్తే, అందరూ కళ్లు తెరిచి ఉన్నది ఒక్కటైనా దాదాపు ఖాయంగా దొరుకుతుంది. అంటే 15 మంది గ్రూపుకి మంచి వెలుతురులో 5, మసక వెలుతురులో 7 లేదా 8. ఇందులో గమనించాల్సిందేమిటంటే, ఆ ఐదూ తీసేది ఒక్కదాని కోసమే. మిగతా నాలుగూ పారేయడానికే పుట్టాయి. తీసేటప్పుడే ఆ సంగతి మనకి తెలుసు, కస్టమర్‌కి తెలియదు. ఐదూ వాళ్ల ముందు పెడితే, ఐదింటికీ ఏదో ప్రత్యేకత ఉండి ఉంటుందనుకుని ఒక్కోదాన్నీ దీక్షగా చూస్తారు పాపం. పారేయడం కూడా ఫోటో తీయడంలో భాగమే, షట్టర్ నొక్కడంతో మొదలైన పని అక్కడ ముగుస్తుంది.

నేను ఏరే పద్ధతి పెద్ద రహస్యమేం కాదు. మొదటి విడతలో ఒక్కో ఫోటో మీద రెండు సెకన్లు మించి ఆగను. ఫోటోలు ఏరి సరిచేసే లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంచేదానికి పి మీట, తీసేదానికి ఎక్స్ మీట, గుర్తు పెట్టగానే తర్వాతి ఫోటోకి దానంతటదే వెళ్లేలా పెట్టుకుంటాను. ఫోకస్ తప్పినవి, కళ్లు మూసినవి, అడ్డంగా ఎవరో నడిచినవి, ఫ్లాష్ వెలగనివి ఇక్కడే పోతాయి. ఈ విడతలో “బాగుందా” అని అడగను, “పనికిరాదా” అని మాత్రమే అడుగుతాను. ఆ రెండు ప్రశ్నల్నీ ఒకేసారి అడగబోతే చేయి మొరాయిస్తుంది, రెండు గంటలు గడిచినా రెండొందలు దాటవు. రెండో విడతకి రోజు మార్చి కూర్చుంటాను. ఒకేలాంటి వాటిని పక్కపక్కన పెట్టి ఒకటో రెండో ఉంచడం అప్పుడు.

ఈ రెండో విడత గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు పనంతా ఇక్కడే ఉంది. ఈమధ్య ఒక పెద్దావిడా, ఆమె మనవరాలూ ఉన్న ఏడు ఫ్రేములు నా ముందున్నాయి. కిటికీ పక్కన కూర్చుని పాప ఏదో చెవిలో చెప్తోంది, ఆమె వింటోంది. ఏడూ షార్ప్‌గానే ఉన్నాయి, ఏడింట్లోనూ వెలుతురు ఒకటే. మొదటి రెండింట్లో పాప చేయి ఆమె గడ్డాన్ని కప్పేసింది, తీసేశాను. మూడోదాంట్లో చెప్పడం మొదలైంది గానీ మాట ఇంకా ఆమెకి చేరలేదు, మొహంలో ఏమీ లేదు. నాలుగోదాంట్లో కనుబొమలు కొద్దిగా లేచాయి. ఐదోదాంట్లో నవ్వు మొదలైంది, పెదవుల దాకా రాలేదు, కళ్ల కింద ముడతల్లో మాత్రం తెలుస్తోంది. ఆరోదాంట్లో పెద్దగా నవ్వేసింది, పాప కూడా నవ్వుతూ కెమెరా వైపు తిరిగింది. ఏడోది నవ్వు అయిపోయాక. ఎవరినడిగినా ఆరోదే అంటారు, ఇద్దరూ నవ్వుతున్నారు కాబట్టి. నేను ఐదోదీ ఆరోదీ ఉంచాను. ఆరోది వాళ్లు తప్పకుండా కోరుకునేది, కోరుకోవడంలో తప్పు లేదు. ఐదోదాంట్లో మాత్రం ఆ మాట వినడం ఉంది. ఏడూ కలిపి ఇచ్చి ఉంటే ఐదోది మిగతా వాటిలో కలిసిపోయి ఎవరి కంటా పడేది కాదు. రెండే ఉండడం వల్ల రెండింటికీ మధ్య తేడా ఏమిటో చూశారు, చూసి ఐదోదాన్నే పెద్ద ప్రింటుకి ఎంచుకున్నారు. తక్కువ చూపిస్తే జనం ఎక్కువ చూస్తారు, ఇది నాకు ఎన్నిసార్లో అనుభవమైంది.

“నా మొహం, నా ఫోటో, నాకు ఏది నచ్చుతుందో నువ్వెలా చెప్తావు?” అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, ఎవరి మొహానికి వాళ్లు మంచి న్యాయనిర్ణేతలు కారు. మన మొహం మనకి అద్దంలోంచి తెలుసు, అంటే కుడి ఎడమలు మారి. 1977లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు కొంతమంది ఆడవాళ్ల ఫోటోలు తీసి, ఒకటి ఉన్నదున్నట్టు, ఇంకొకటి అద్దంలోలా తిప్పి ప్రింటు వేసి చూపించారు. తమ ఫోటో చూసుకున్నవాళ్లు ఎక్కువగా అద్దంలోలా ఉన్నదాన్ని ఎంచారు, వాళ్ల స్నేహితులేమో మామూలుదాన్ని ఎంచారు. రోజూ చూసే మొహమే మనకి మన మొహంలా అనిపిస్తుంది. కాబట్టి “ఇందులో నేను ఏదోలా ఉన్నాను” అని ఎవరైనా అంటే వాళ్లు అబద్ధం ఆడడం లేదు, ఆ ఫోటోలో లోపమూ లేదు. గ్రూప్ ఫోటో అయితే సంగతి మరీ కష్టం, పదిమందీ పది ఫోటోల్లో తమ మొహం ఒక్కదాన్నే చూసుకుంటారు, పదిమందినీ కలిపి చూసే మనిషి అక్కడ ఫోటోగ్రాఫర్ ఒక్కడే.

రెండో జవాబు దీనికి అడ్డం తిరిగేది, అయినా చెప్పాలి. వాళ్లకి తెలిసిన విషయాలు కొన్ని నాకెప్పటికీ తెలియవు. ఎవరికి ఎవరంటే ప్రాణమో, ఎవరితో ఎవరు పదేళ్లుగా మాట్లాడడం లేదో, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారో నాకేం తెలుస్తుంది? అందుకే ఏరేటప్పుడు నేనొక నియమం పెట్టుకున్నాను. ఒక మనిషి మొత్తం షూట్‌లో ఒకటి రెండు ఫోటోల్లోనే కనిపిస్తే, అవి కాస్త మసకగా ఉన్నా తీసేయను. అలాగే వచ్చినవాళ్లలో ప్రతి ఒక్కరికీ కనీసం ఒక మంచి ఫోటో ప్రూఫుల్లో ఉందా లేదా అని చివర్లో ఒకసారి సరిచూసుకుంటాను. ఒకసారి గోడ పక్కన నిలబడి ఉన్న ఒకాయన ఫోటో, ఫోకస్ ఆయన మీద కాక ముందున్న కుర్చీ మీద పడింది, తీసేయబోయి ఇదొక్కటే ఉందని ఆగాను. వాళ్లు ప్రూఫుల్లో మొట్టమొదట గుర్తు పెట్టింది దానికే. ఎందుకో నేను అడగలేదు, వాళ్లు చెప్పనూ లేదు. ఏరడం అంటే నా అభిరుచిని వాళ్ల మీద రుద్దడం కాదు. వాళ్లకి మాత్రమే తెలిసిన తేడాల కోసం చోటు ఉంచి, ఎవరికీ అక్కర్లేని తేడాల్ని తీసేయడం.

ఇక సరిచేయడం. “ప్రూఫులే కదా, ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేస్తాను, సెలెక్ట్ చేశాక ఎడిట్ చేస్తాను” అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సమయం కలిసొస్తుందనేది వాళ్ల లెక్క. ఈ లెక్క నాకు తప్పనిపిస్తుంది. రా ఫైలు, అంటే కెమెరా ఏ మెరుగులూ దిద్దకుండా దాచిన ఫోటో, తెరవగానే చప్పగా, కాస్త చీకటిగా ఉంటుంది, ఉండాలి కూడా. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లు, మనం మామూలుగా చూసే ఫోటో ఫైలైన జేపెగ్‌లో 256. అందులో దాగినదాన్ని బయటికి తీయడానికే మనం రా తీసేది. నీడలో ఉన్న ఆ మొహాన్ని ఎంతదాకా పైకి లేపవచ్చో చూడగానే నాకు తెలుస్తుంది, కళ్లతో చూస్తూనే మనసులో ఎడిట్ చేసేస్తాను. కస్టమర్‌కి ఆ కన్ను లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. వాళ్లకి కనిపించేది చీకటిగా ఉన్న ఫోటో. పక్కన అంతంతమాత్రపు ఫోటో ఒకటి తెల్లగా వెలుగుతూ ఉంటే దాన్నే గుర్తు పెడతారు. ఆ తర్వాత ఎంత బాగా ఎడిట్ చేసినా ఏం లాభం, మంచిది ఎంపికలోంచే పోయింది కదా.

అందుకని ప్రూఫు దశలో ప్రతి ఫోటోకీ వెలుతురు పాళ్లు సరిచేసే ఎక్స్‌పోజర్, తెలుపుని తెల్లగా చూపించే వైట్ బ్యాలెన్స్, వంకర తీయడం, అంచులు కోసే క్రాప్ కాస్త, ఇంతవరకూ చేసే ఇస్తాను. వినడానికి చాలా పనిలా ఉంటుంది గానీ ఒక్కో సన్నివేశంలో ఒక ఫోటో సరిచేసి, దాని సెట్టింగుల్ని అదే వెలుతురులో తీసిన మిగతావాటికి అంటిస్తే నాలుగొందల ఫోటోలు రెండు పూటల్లో అయిపోతాయి. కష్టమల్లా వెలుతురు మారే చోట. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. ఇంట్లో పాతకాలపు బల్బు 2,800 కెల్విన్ల దగ్గర పసుపుగా ఉంటుంది, కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురు 5,500 దగ్గర, నీడపట్టున 7,000 దాటి నీలంగా ఉంటుంది. ఒకే మనిషి బయట నిలబడి ఒక రంగులో, లోపలికి వచ్చి ఇంకో రంగులో, బల్బు కింద మూడో రంగులో ఉంటే, చూసేవాళ్లకి కారణం తెలియదు గానీ ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. బల్బు వెలుతురులో పసుపంతా తీసేయకూడదు, ఆ సాయంత్రం పోతుంది. చర్మం ఆరోగ్యంగా కనిపించేంత తీసి, గోడ మీద వెచ్చదనం కొద్దిగా ఉంచుతాను. పక్కపక్కన మూడు ఫోటోలు పెడితే మూడింట్లోనూ ఆ మనిషి ఆ మనిషిలాగే ఉండాలి, నాకు కొలత అది.

రంగుల విషయంలో మన కళ్లని మనం నమ్మకూడదు. గంటసేపు ఒకే స్క్రీన్ చూస్తే కన్ను ఆ రంగుకి అలవాటు పడిపోతుంది, గులాబి రంగు ఎక్కువైందని తెలియకుండానే ఇంకాస్త గులాబి వేస్తాం. కాబట్టి రాత్రి పూర్తయినదాన్ని పొద్దున్న లేచి, ఫోనూ గీనూ చూడకముందే ఒకసారి మొత్తం తిరగేస్తాను. రంగు తప్పిన సెట్లు నాలుగైదైనా అప్పుడు దొరుకుతాయి. మానిటర్‌ని 6,500 కెల్విన్లకి, బ్రైట్‌నెస్ చదరపు మీటరుకి 120 క్యాండెలాల దగ్గరికి క్యాలిబ్రేట్ చేసి, అంటే కొలిచి సరిచేసి పెట్టుకోవడం కనీస జాగ్రత్త. మానిటర్ మరీ వెలుగ్గా ఉంటే ఫోటోలు మనకి బాగానే కనిపించి, ప్రింటులో చీకటిగా వస్తాయి. ప్రింట్లు చీకటిగా వచ్చాయని ల్యాబ్‌తో పోట్లాటకి దిగేముందు చూసుకోవాల్సింది ఇదే.

క్రాప్ ఎందుకు కొద్దిగానే అన్నానంటే, చాలా కెమెరాల ఫ్రేము 3:2. అది 8 బై 12 ప్రింటుకి సరిగ్గా సరిపోతుంది. అదే ఫోటోని 8 బై 10 వేయాలంటే పొడవులో రెండు అంగుళాలు, అంటే ఆరో వంతు పోవాలి. ప్రూఫులోనే తల మీదా కాళ్ల కిందా బిగించేసి అందంగా ఇచ్చామనుకోండి, వాళ్లు 8 బై 10 ఫ్రేము కొనుక్కుని వచ్చి అడిగినప్పుడు కోయడానికి చోటుండదు. పూర్తి ఫైలు మన దగ్గర ఉంటుంది నిజమే, కానీ వాళ్లు ఎంచుకున్నది ఆ బిగించిన రూపాన్ని.

రీటచింగ్ దగ్గరికి వద్దాం. మొహం మీద మొటిమలు, కళ్ల కింద నలుపు, పొట్ట, పలుచబడ్డ జుట్టు. ప్రూఫుల్లో వీటిలో దేన్నీ ముట్టుకోను. పనిమంతులైన నా స్నేహితులు కొందరు దీన్ని ఒప్పుకోరు. “మొదటిసారి చూసినప్పుడే మతిపోవాలి, అప్పుడే పెద్ద ఆల్బమ్ అడుగుతారు” అంటారు. వాళ్ల మాటలో వ్యాపారం ఉంది, కాదనను. కానీ నా అనుభవం చెప్తాను. ఒక అమ్మాయి పోర్ట్రెయిట్లు నలభై ప్రూఫుల్లో మూడింటిని సరదా కొద్దీ పూర్తిగా రీటచ్ చేసి పెట్టాను. ఆ మూడే ఎంచుకుంది. ఆ మూడూ ఆమె బాగా వచ్చిన ఫోటోలు కావు, నున్నగా ఉన్న ఫోటోలు. చూపు, మెడ వంపు, చేతులు, ఇవన్నీ ఎంతో బాగా కుదిరినది ఇంకొకటి ఉంది, ఆమె దాన్ని దాటేసింది. నేను చేసిన పనే ఆమె ఎంపికని పక్కకి లాగింది. అప్పటినుంచి నా నమ్మకం ఇది: వెలుతురు, రంగు సరిచేస్తే ఫోటో కనిపిస్తుంది, మొహం సరిచేస్తే రీటచింగ్ కనిపిస్తుంది. ఎంచుకోవాల్సింది ఫోటోని కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. మొటిమ వారంలో పోతుంది, దాన్ని చివరి ప్రింటులో తీసేయడానికి నాకే అభ్యంతరమూ లేదు. పుట్టుమచ్చ, కుట్టు గుర్తు, వయసు తెచ్చిన ముడతలు ఆ మనిషివి. అడగకుండా వాటిని తీసేస్తే, నీ మొహంలో ఇది బాగోలేదని వాళ్లకి నోటితో చెప్పినట్టే. అడిగితే తీస్తాను, అడిగినంతే తీస్తాను. మసిపూసి మారేడుకాయ చేసిన ప్రూఫులు ఇంటికి పంపి, ఆ రూపానికి వాళ్లని అలవాటు చేసి, తర్వాత అసలు మొహాన్ని చూసుకుని బాధపడేలా చేయడం నాకు సమ్మతం కాదు. ఫైనల్ ఎలా ఉంటుందో చూడాలంటే వేరే షూట్‌లోది, అనుమతి ఉన్నది ఒకటి, ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

ఫైళ్ల సంగతి కొంచెం విసుగు పుట్టించేదే అయినా, నేను పడ్డ ఇబ్బందుల్లో పెద్దది ఇక్కడే వచ్చింది. కెమెరాలు ఫైళ్లకి పేర్లు పెట్టే పద్ధతి 1998 నాటి డీసీఎఫ్ అనే ప్రమాణం నుంచి వచ్చింది, నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. అంటే 9999 తర్వాత మళ్లీ 0001. పైగా రెండు కెమెరాలతో తీస్తే రెండింట్లోనూ అవే పేర్లు రావచ్చు. ఒక షూట్‌లో నాకు రెండు 0412లు వచ్చాయి, ఒకటి తల్లీకూతుళ్లది, ఇంకొకటి ఖాళీ గదిది. ప్రూఫుల్లో రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నాయి కాబట్టి నా కంట పడలేదు. వాళ్లు 0412 అని రాసి పంపారు, నేను ఖాళీ గదిని ఎంతో శ్రద్ధగా ఎడిట్ చేసి పెద్దది ప్రింటు వేయించి ఇచ్చాను. ఆ తల్లి ఆ ప్రింటు చేతిలో పట్టుకుని నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అప్పటినుంచి కాపీ చేసుకునేటప్పుడే పేర్లు మారుస్తాను, తేదీ, షూట్ పేరు, 0001 నుంచి ఒకే వరస. రెండు కెమెరాల గడియారాలు షూట్‌కి ముందే నిమిషం కాదు, సెకను తేడా లేకుండా కలుపుతాను, లేదంటే వరసలో నవ్వు ముందొచ్చి దానికి కారణమైన మాట తర్వాత వస్తుంది. పేరు ఒకసారి పెట్టాక ప్రూఫుకీ, రా ఫైలుకీ, ఫైనల్‌కీ అదే పేరు. ఏరగా మధ్యలో పోయిన నంబర్లని పూడ్చను. “0017 ఏది?” అని ఎవరైనా అడిగితే, అది తీసేశానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

ప్రూఫులు నేను పంపేది ఇలా: పొడవు వైపు 2048 పిక్సెళ్లు, జేపెగ్, కలర్ స్పేస్, అంటే ఫైల్లో రంగుల్ని రాసే పద్ధతి, ఎస్‌ఆర్‌జీబీ. ఈ చివరిది మర్చిపోవద్దు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి మామూలు స్క్రీన్ల కోసం తెచ్చిన పద్ధతి ఇది, ఏ ఫోన్లో తెరిచినా రంగులు కాస్త అటూ ఇటూగా నిలబడేది ఇందులోనే. అడోబీ ఆర్‌జీబీ, ప్రోఫోటో లాంటి వేరే పద్ధతుల్లో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైళ్లని, ఆ పద్ధతి ఏదో చెప్పే ప్రొఫైల్‌ని పట్టించుకోని యాప్‌లో తెరిస్తే చర్మం పాలిపోయినట్టు కనిపిస్తుంది, తప్పు మన మీదికి వస్తుంది. మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోని ఇంకా కుదిస్తుంది, కాబట్టి గ్యాలరీ లింకే పంపుతాను. వాటర్‌మార్క్ విషయంలో నా మాట క్లుప్తంగా: మూలన చిన్నగా పేరు ఉంటే చాలు. మొహం మీద అడ్డంగా వేస్తే ఎవరూ దొంగిలించరు నిజమే, ఎవరూ సరిగ్గా చూడరు కూడా. చూడడానికే కదా పంపింది.

లింకుతో పాటు ఒక చిన్న ఉత్తరం పెడతాను, దాదాపు ప్రతిసారీ ఇదే. “ఇవి 380 ఫోటోలు. వెలుతురు, రంగు సరిచేశాను, మొహాలు ముట్టుకోలేదు, మీరు ఎంచుకున్నవాటికి ఆ పని చేస్తాను, ఏం తీయాలో ఏం ఉంచాలో మీరే చెప్పండి. వీలైతే పగటిపూట, ఫోన్లో నైట్ మోడ్ ఆపేసి చూడండి, అది ఉంటే అన్నీ పసుపుగా కనిపిస్తాయి. మొదటిసారి గుర్తులేవీ పెట్టకుండా ఊరికే చూసేయండి. మర్నాడు రెండోసారి చూసేటప్పుడు ఎంచుకోండి. మూడు వారాల్లోపు పంపితే ఆల్బమ్ అనుకున్న సమయానికి ఇవ్వగలను.” ఈ ఉత్తరం పెట్టడం మొదలుపెట్టాక సెలక్షన్ నెలలు పట్టడం అనేది నాకు దాదాపు లేదు.

“మరి మిగతావి?” అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అడగడం వాళ్ల హక్కు. షూట్ ఒప్పుకునేటప్పుడే చెప్తాను, ఏరినవి మాత్రమే ఇస్తానని, ఎన్ని ఇస్తానో సుమారుగా కూడా. తీసేసినవి వెంటనే చెరిపేయను, ఆల్బమ్ ఇచ్చేదాకా రెండు డిస్కుల్లో ఉంటాయి. మొన్నొకావిడ పట్టుబట్టింది, వాళ్ల నాన్నవి ఇంకా ఉండే ఉంటాయని. రమ్మన్నాను. పక్కన కూర్చోబెట్టుకుని, తీసేసినవాటిలో ఆయన ఉన్నవన్నీ, అరవై పైచిలుకు, ఒక్కోటీ చూపించాను. చాలావాటికి ఆమే తల అడ్డంగా ఊపింది. ఒకదాని దగ్గర ఆపమంది. ఆయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నాడు, తల వంచుకుని ఉన్నాడు, మొహం సగమే కనిపిస్తోంది, నేను రెండు సెకన్లలో ఎక్స్ నొక్కేసిన ఫోటో. “ఆయన ఎప్పుడూ ఇంతే, ఎవరైనా పొగిడితే కళ్లజోడు తీసేస్తాడు” అంది. ఆ ఫ్రేముకి గుర్తు మార్చి, నీడలు కొంచెం లేపి, అదే సాయంత్రం గ్యాలరీలో చేర్చాను. నంబర్ల వరసలో దాని చోటు ఖాళీగానే ఉంది, అక్కడికే వెళ్లి కూర్చుంది.